క్యాంపు ముగిసింది.. క్యాంటీన్ మారలేదు

కిందటి నెలలో ఒక సోమవారం. ఓపీలో నా ముందు కూర్చున్నాయన ప్లాస్టిక్ కవర్లోంచి మూడు కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. వయసు 38. తుర్కపల్లి వైపు ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. కొన్ని వారాలుగా అరికాళ్ల మంటలు, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, ప్యాంటు వదులు కావడం. ఆ ఉదయం పరగడుపున చూస్తే షుగరు 212. హెచ్‌బీఏ1సీ 9.1.

ఆ మూడు కాగితాలు వాళ్ల కంపెనీ ఏటా పెట్టే ఆరోగ్య శిబిరంలో ఇచ్చినవి. మొదటి ఏడాది పరగడుపు షుగరు 108. రెండో ఏడాది 117. మూడో ఏడాది 123. మూడింటి కిందా ఒకటే రబ్బరు స్టాంపు: 'ఫిట్'.

"ఈ అంకెల గురించి ఎవరైనా మీతో మాట్లాడారా?" అని అడిగాను.

"ఫిట్ అని కొట్టిన్రు గద సార్. ఇంక మాట్లాడేదేముంటది?"

ఆయన తప్పేం లేదు. స్టాంపు వేసిన డాక్టరుదే తప్పంతా అని కూడా అనలేను. ఈ మనిషి రేపు డ్యూటీ చేయగలడా అన్నదే ఆ డాక్టరును అడిగిన ప్రశ్న. చేయగలడు కాబట్టి ఫిట్. ఈ మనిషికి నాలుగేళ్లలో షుగరు వచ్చేలా ఉందా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే జవాబు ఆ కాగితం మీదే ఉంది. పరగడుపున 100 నుంచి 125 మధ్య, లేదా హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే దాన్ని ముందస్తు మధుమేహం అంటాం. పరగడుపున 126కి, లేదా హెచ్‌బీఏ1సీ 6.5కి చేరితే మధుమేహమే. ముందస్తు దశలో నొప్పి ఉండదు, మంట ఉండదు. మన దేశంలో 13.6 కోట్ల మంది ఈ దశలో ఉన్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో లెక్క చెప్పింది. అప్పటికే మధుమేహం వచ్చినవారు 10.1 కోట్లు. అంటే రోగుల కంటే వరుసలో నిలబడ్డవారే ఎక్కువ.

ఉద్యోగుల కోసం కంపెనీలు నడిపే వెల్‌నెస్ కార్యక్రమాల గురించి మీకు ఒక మాట చెప్పాలనిపించింది ఆ మూడు కాగితాలు చూశాకే. మీ ఇంట్లోనూ అలాంటి కాగితం ఒకటి బీరువాలో ఉండే ఉంటుంది.

నేను ఉండేది తూంకుంటలో. పొద్దున ఏడింటికి రాజీవ్ రహదారి మీద నిలబడితే కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి శామీర్‌పేట వైపు, జీనోమ్ వ్యాలీ వైపు వెళుతుంటాయి. మేడ్చల్ పరిశ్రమలకు వెళ్లేవాళ్లు బైకుల మీద. ఐటీ పిల్లలు కార్లలో ఔటర్ ఎక్కి నగరం అవతలి కొసకు. వీళ్లంతా మళ్లీ ఇల్లు చేరేది రాత్రి ఏడు, ఎనిమిది దాటాకే. ఇలాంటి మనిషికి "రోజూ పొద్దున అరగంట నడవండి, టైముకి తినండి" అని చీటీ మీద రాసిచ్చే డాక్టర్లలో నేనూ ఒకణ్ని. పదిహేనేళ్లుగా రాస్తున్నాను. పాటించినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లకు శ్రద్ధ లేక కాదు. మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం గడిచేది పనిచోటే. నేను మాత్రం మిగిలిన ఆ రెండు గంటల మీదే సలహాలు ఇస్తున్నాను.

ఇంకో సంగతి. మన ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు చూడటానికి ఇంటింటికీ వెళతారు. వాళ్లు వచ్చేది పగలు. అప్పుడు ఇంట్లో దొరికేది పెద్దవాళ్లు, గృహిణులు. 35 ఏళ్ల మగాడు బస్తీ దవాఖానాకూ రాడు, అది సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు. అతణ్ని పట్టుకోవాలంటే పనిచేసే చోటే పట్టుకోవాలి.

పనిచోట మధుమేహాన్ని ఆపవచ్చని చెప్పే ఆధారం అమెరికా నుంచి తెచ్చుకోనక్కర్లేదు. చెన్నైలో డాక్టర్ అంబాడీ రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. అందులోని 531 మంది ఆస్పత్రికి వచ్చిన రోగులు కారు. ఆఫీసుల్లో సర్క్యులర్లు పంపి, ప్రకటనలు పెట్టి ఎంచుకున్న మధ్యతరగతి ఉద్యోగులు. సగటు వయసు 46. గ్లూకోజు తాగించి చేసే పరీక్షలో ముందస్తు మధుమేహం తేలినవాళ్లు. మామూలు సలహాతో సరిపెట్టినవారిలో మూడేళ్లలో 55 శాతం మందికి మధుమేహం వచ్చేసింది. తిండి, నడక మార్పించి, నెలనెలా ఫోన్ చేసి, ఆర్నెల్లకోసారి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడినవారిలో అది 39 శాతమే.

రెండు విషయాలు గమనించండి. అలా మార్పు చేసుకున్నవారి బరువు దాదాపు తగ్గలేదు, అయినా షుగరు వచ్చే ముప్పు తగ్గింది. పొట్ట కరగలేదని నడక మానేసేవాళ్లకు నేను ఈ సంగతి తప్పక చెబుతాను. రెండోది, అక్కడ పనిచేసింది పరీక్ష కాదు. నెలకోసారి మోగిన ఆ ఫోను.

అదే బృందం తర్వాత ఫ్యాక్టరీల్లో, సంస్థల్లో పనిచేసే 537 మంది మగవాళ్లతో ఇంకో ప్రయోగం చేసింది. సగం మంది సెల్‌ఫోన్‌కు తిండి, వ్యాయామం గురించి క్రమం తప్పకుండా మెసేజీలు పంపారు. రెండేళ్లలో మెసేజీలు వచ్చినవారిలో 18 శాతానికి, రానివారిలో 27 శాతానికి మధుమేహం వచ్చింది. ఇంత చవకైన మందు లేదనుకున్నాం. కానీ ఇండియా, బ్రిటన్‌లలో రెండు వేల మందికి పైగా మీద మళ్లీ చేస్తే మెసేజీలతో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2020లో తేలింది. ఇది కూడా మీకు చెప్పాలి. ఇప్పుడు చాలా కంపెనీలు ఉద్యోగి ఫోన్లో ఒక యాప్ వేసి 'వెల్‌నెస్ ఇచ్చేశాం' అంటున్నాయి. ఉదయాన్నే వచ్చే ఆ 'నీళ్లు తాగండి' సందేశాన్ని మీలో ఎంతమంది చదువుతారో మీకే తెలుసు.

అమెరికాలో కంపెనీ వెల్‌నెస్ పెద్ద వ్యాపారం. అది నిజంగా పనిచేస్తుందా అని అక్కడ ఒక పెద్ద టోకు దుకాణాల సంస్థలో 160 శాఖలు, దాదాపు 33 వేల మంది ఉద్యోగులతో పరీక్షించారు. కొన్ని శాఖల్లో తిండి, వ్యాయామం, ఒత్తిడి మీద పాఠాలు చెప్పారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే 'మేం బాగా వ్యాయామం చేస్తున్నాం' అని చెప్పేవాళ్లు పెరిగారు. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, సెలవులు, వైద్యం ఖర్చు మాత్రం మిగతా శాఖల మాదిరే ఉన్నాయి. ఇలినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగుల్లో చేసిన అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. ఇలాంటి కార్యక్రమాల్లో ముందుకొచ్చి చేరేవాళ్లు అంతకుముందే కాస్త ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. మన ఆఫీసుల్లో 'పదివేల అడుగుల పోటీ' పెడితే గెలిచేది ఎవరు? ఎలాగూ ఆదివారం పొద్దున పరుగెత్తే కుర్రాడే. 108, 117, 123 కాగితం ఉన్నాయన ఆ పోటీకి పేరే ఇవ్వడు.

అలాగని వెల్‌నెస్ దండగ అనడం లేదు. మన దేశంలోనే కొన్ని పెద్ద పరిశ్రమల్లో ఇంకో రకంగా చేసి చూశారు. 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో పోస్టర్లు, ఉపన్యాసాలతో ఆగలేదు. క్యాంటీన్‌లో ఉప్పు తగ్గించారు, కూరగాయలు, పండ్లు పెంచారు, ముప్పు ఎక్కువున్నవారిని విడిగా పిలిచి మాట్లాడారు. ఆ పరిశ్రమల్లో ఉద్యోగుల బరువు, బీపీ, షుగరు తగ్గాయి. ఏమీ చేయని చోట పెరిగాయి. నాకు ఇందులో కనిపించే తేడా ఒక్కటే. అమెరికాలో మనిషికి పాఠం చెప్పారు. ఇక్కడ మనిషి చుట్టూ ఉన్నవాటిని కూడా మార్చారు.

ఈ తేడా మన నగరానికి ఎందుకు ముఖ్యమంటే, పరిస్థితి చేయి దాటేలా ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్ని పరిశీలించి 2023లో నివేదిక ఇచ్చింది. దాదాపు 46 శాతం మందిలో మెటబాలిక్ సిండ్రోమ్, అంటే పొట్ట, బీపీ, షుగరు, రక్తంలో కొవ్వుల్లో కనీసం మూడు తేడాలు ఒకేసారి ఉన్నాయి. చాలామంది రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చునే ఉంటున్నారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో 345 మంది ఐటీ ఉద్యోగుల్ని చూస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఉంది. కాలేయంలో కొవ్వు చేరినచోట షుగరు రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఇక క్యాంటీన్ దగ్గరికి వద్దాం. ఒక సంస్థ వాళ్లు 'ప్రపంచ మధుమేహ దినం' నాడు నన్ను మాట్లాడమని పిలిచారు. నీలం బెలూన్లు కట్టారు, అందరికీ టోపీలు ఇచ్చారు. నేను అరగంట మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. తర్వాత భోజనానికి తీసుకెళ్లారు. తెల్లన్నం కుప్ప, ఆలుగడ్డ వేపుడు, పప్పు పలుచగా, అప్పడం, చివర్లో డబల్ కా మీఠా. అతిథి కదా అని నాకు రెండు ముక్కలు వేశారు. సాయంత్రం నాలుగింటికి బిస్కెట్లు, టీ. ఆ టీ మెషీన్‌లో పొడికి చక్కెర ముందే కలిపి ఉంటుంది. 'చక్కెర లేకుండా' అనే మీటే లేదు. ఇంట్లో భార్య చక్కెర తగ్గించినా, ఇక్కడ రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు లెక్కేసినా 35 నుంచి 40 గ్రాములు టీలోనే పోతోంది. రోజు మొత్తానికి 25 గ్రాములు మించకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. (డబల్ కా మీఠా నేను తిన్నాను. రెండు ముక్కలూ. అబద్ధం చెప్పను.)

ఆ బెలూన్లు, టోపీల ఖర్చుతో టీ మెషీన్‌లో చక్కెర లేని పొడి పెట్టొచ్చు. అన్నం గరిటె కాస్త చిన్నది చేయొచ్చు. వరసలో అన్నం కంటే ముందు కూర, పప్పు, పచ్చి దోసకాయ ముక్కలు పెడితే చాలు, పళ్లెంలో చోటు వాటితో నిండుతుంది. అవి ముందు తిని అన్నం తర్వాత తింటే భోజనం తర్వాత షుగరు పెరిగే తీరు కూడా మెత్తబడుతుంది. పప్పు చిక్కగా ఉండాలి, గుడ్డు ఉండాలి. అన్నం మానమని ఎవరికీ చెప్పను. చెప్పినా మానరు. భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు షెడ్డు చుట్టూ, పార్కింగ్ చుట్టూ నడిచే వెసులుబాటు ఉండాలి. గంటలకొద్దీ కూర్చునే వాళ్లు అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడిస్తే కూడా రక్తంలో షుగరు తగ్గుతుందని ప్రయోగాల్లో చూశారు. మేనేజరు కళ్లతో కొలుస్తుంటే ఎవరు లేస్తారు? అందుకే ముందు మేనేజరు లేవాలి.

రాత్రి షిఫ్టు సంగతి వేరే. మందుల కంపెనీల్లో, ఐటీలో, సెక్యూరిటీలో, మా ఆస్పత్రిలో కూడా మూడో షిఫ్టు తప్పదు. అదే అన్నం పగలు తింటే ఒక రకంగా, రాత్రి రెండింటికి తింటే ఇంకో రకంగా ఒంటికి పడుతుంది. రాత్రిపూట శరీరం గ్లూకోజును సరిగా వాడుకోలేదు. ఏళ్ల తరబడి షిఫ్టులు మారే నర్సుల్లో మధుమేహం ఎక్కువని అమెరికాలో లక్షకు పైగా నర్సుల్ని గమనించి చెప్పారు. కాబట్టి రాత్రి డ్యూటీ వాళ్లు ఇంట్లోనే ఎనిమిదింటిలోపు పూర్తి భోజనం చేసి రావాలి. అర్ధరాత్రి తర్వాత గుడ్డు, మజ్జిగ, వేయించిన శనగలు, ఒక పండు. క్యాంటీన్ వాళ్లు రాత్రి ఒంటిగంటకు మిగిలిన బిర్యానీ పెట్టడం మానాలి. వారానికోసారి షిఫ్టు తిప్పే పద్ధతి మీద యాజమాన్యాలు ఆలోచించాలి. ఇవి డాక్టరు చీటీలో రాసేవి కావు, కంపెనీ నోటీసు బోర్డు మీద రావాల్సినవి.

ఇప్పుడు చట్టం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం 40 ఏళ్లు దాటిన కార్మికులకు యాజమాన్యం ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయించాలి. మంచిదే. కానీ నా ముందు కూర్చున్నాయనకు 38. మనవాళ్లకు మధుమేహం తెల్లవాళ్ల కంటే చాలా ముందే వస్తుంది. ప్రభుత్వ జాతీయ కార్యక్రమమే 30 ఏళ్ల నుంచి పరీక్షించమంటుంటే, పనిచోట 40 వరకు ఎందుకు ఆగాలి? ఆ పదేళ్లే కదా ఆపగలిగే కాలం. చట్టం చెప్పేది కనీసం. కంపెనీ తలుచుకుంటే 30 నుంచే మొదలుపెట్టొచ్చు, ఎవరూ వద్దనరు.

కాంట్రాక్టు కార్మికుల మాటా అడగాలి. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ ఆమె, క్యాంటీన్‌లో వడ్డించే అబ్బాయి క్యాంపు రోజున టెంటు వేస్తారు, కుర్చీలు వేస్తారు. లైన్లో మాత్రం నిలబడరు, జాబితాలో వాళ్ల పేరుండదు. వాళ్లు కాళ్ల పుండ్లతో మా దగ్గరికి వస్తారు.

మహిళా ఉద్యోగుల విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చి, కాన్పు తర్వాత తగ్గిపోయిన వాళ్లకు ముందు ముందు మధుమేహం వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ప్రసూతి సెలవు ముగిసి డ్యూటీలో చేరాక ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. కాన్పయ్యాక ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఒకసారి గ్లూకోజు పరీక్ష, ఆ తర్వాత కనీసం మూడేళ్లకోసారి తప్పనిసరి. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఒక్కటే నమ్మితే అంకె తప్పుదారి పట్టించవచ్చు, పరగడుపు పరీక్ష కూడా చేయించుకోండి.

క్యాంపులో రక్తం ఇవ్వడానికి భయపడేవాళ్లు కూడా చాలామందే. షుగరుందని తెలిస్తే ప్రమోషన్ ఆగుతుందేమో, కాంట్రాక్టు తిరిగి ఇవ్వరేమో అని. "సార్, కంపెనీకి తెలియకుండా చూడండి" అని నా దగ్గర గొంతు తగ్గించి అడిగినవాళ్లు ఎందరో. ఆ భయం ఉన్నంతకాలం ఏ కార్యక్రమమూ నడవదు. రిపోర్టు ఉద్యోగికి, డాక్టరుకు మాత్రమే వెళ్లాలి. హెచ్ఆర్‌కు వందమందిలో ఎందరికి తేడా ఉందన్న లెక్క చాలు, పేర్లు అక్కర్లేదు.

ఇంతా చెబుతున్న నేను ఏ సంస్థలో ఉద్యోగినో కూడా చెప్పాలి. ప్రభుత్వ ఆస్పత్రి. మాకు ఏటా పరీక్షలు లేవు, క్యాంటీన్‌లో సమోసాలు ఉన్నాయి, ముప్పై ఆరు గంటల డ్యూటీలు చేసే జూనియర్లు ఉన్నారు. రెండేళ్ల కిందట ఎన్‌సీడీ క్లినిక్‌లో కొత్త మిషన్ పనిచేస్తోందో లేదో చూద్దామని సరదాగా నా వేలే పొడిపించుకున్నాను. తర్వాత ల్యాబులో పరగడుపున చూస్తే 114. అప్పట్నుంచి నా మధ్యాహ్నం డబ్బాలో అన్నం సగమైంది. సాయంత్రం వార్డు రౌండుకు లిఫ్టు ఎక్కడం మానేశాను. ఇప్పుడు 99, 102 మధ్య ఊగుతోంది. నాకు ఎవరూ ఫోన్ చేయలేదు. నేను డాక్టర్ని కాబట్టి ఆ అంకె చూడగానే ఉలిక్కిపడ్డాను. మీ ఇంట్లో ఆ కాగితం చూసి ఉలిక్కిపడేది ఎవరు?

ఈ ఆదివారం బీరువా తెరవండి. కంపెనీ ఇచ్చిన గత మూడు, నాలుగేళ్ల రిపోర్టులు తీసి పక్కపక్కన పెట్టండి. 'ఫిట్' అన్న మాట మీద చెయ్యి పెట్టి మూసి, పరగడుపు షుగరు అంకెలు మాత్రం చదవండి. ఏటా పెరుగుతోందా? 100 దాటిందా? నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటిందా? అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగరుందా? రెండింటికి అవునంటే ఒకసారి డాక్టరును కలవండి. దగ్గర్లోని బస్తీ దవాఖానాలోనైనా సరే, పరీక్ష ఉచితమే. ఆఫీసులో హెచ్ఆర్‌ను అడగండి: ఈసారి క్యాంపు తర్వాత, షుగరు గీత దాటినవాళ్లకు నెలనెలా ఫోన్ చేసేది ఎవరు? నర్సు కావచ్చు, డైటీషియన్ కావచ్చు. దీనికి ఒక పేరు చెప్పలేకపోతే ఆ క్యాంపు ఫొటోల కోసమే.

నా దగ్గరికి వచ్చినాయనకు మందులు మొదలుపెట్టాం. తిండి మార్చాడు, బస్సు ఒక స్టాపు ముందే దిగి నడుస్తున్నాడు. మంటలు కొంచెం తగ్గాయి. పోయిన వారం మళ్లీ వచ్చాడు, ఈసారి కవరు లావుగా ఉంది. తన విభాగంలో పనిచేసే వాళ్ల రిపోర్టులట. ఆరు కాగితాలు, ఆరింటి మీదా అదే స్టాంపు. "అందరూ దోస్తులే సార్, నా సంగతి తెలిసినంక ఇచ్చిన్రు. జర సూడుండ్రి" అన్నాడు. చూశాను. ఆరింటిలో మూడు 100 దాటాయి. ఆ ముగ్గురికి ఎవరు ఫోన్ చేయాలో మేమిద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. ప్రస్తుతానికి ఆయనే చేస్తానన్నాడు.